గొర్రెతోలు బూట్లు: ఏ నేలకు ఏవి, ఆ పేరుకు ఎంత ఇవ్వాలి

నవంబరు మొదలైందంటే నాకు వచ్చే ఫోన్లలో సగం బూట్ల గురించే. ఆగస్టులో ఎమ్మెస్‌కి వచ్చిన పిల్లలు, పెళ్లయి కొత్తగా దిగిన అమ్మాయిలు, మనవణ్ని ఎత్తుకోవడానికి వచ్చి తొలిసారి మంచు చూస్తున్న అత్తయ్యలు, అందరిదీ ఒకటే ప్రశ్న. "అక్కా, అందరూ వేసుకు తిరుగుతున్న ఆ మెత్తటి బూట్లు కొనుక్కోనా? అగ్ అని రాసి ఉన్నవే కొనాలా, ఏవైనా ఒకటేనా?"

నేను ఐదేళ్లు మెల్‌బోర్న్‌లో ఉన్నాను. తర్వాత తొమ్మిదేళ్లుగా చికాగో దగ్గర ఉంటున్నాను. మెల్‌బోర్న్‌లో కొన్న గొర్రెతోలు బూట్లు ఇప్పటికీ ఇంట్లో తొడుక్కుంటున్నాను. ఇక్కడికొచ్చాక అంతకు రెట్టింపు పెట్టి కొన్న జత ఒక్క చలికాలం కూడా నిలవలేదు. లోపం బూటుది కాదు, నేను వేసుకుని నడిచిన నేలది. అందుకే బ్రాండు సంగతి తర్వాత మాట్లాడుకుందాం, ముందు నేల.

తడి నేలా, పొడి నేలా?

ఉన్ని పోగు తిన్నగా ఉండదు, మెలికలు మెలికలుగా ఉంటుంది. ఆ మెలికల మధ్య గాలి చిక్కుకుని కదలకుండా ఉండిపోతుంది. కాలిని వెచ్చగా ఉంచేది ఆ గాలే. పైగా ఉన్ని తన బరువులో దాదాపు 30 శాతం దాకా తేమ పీల్చుకున్నా ముట్టుకుంటే తడిగా అనిపించదు. కాలికి చెమట పట్టినా లోపల చిత్తడి కాదు. వీటిని సాక్సు లేకుండా వేసుకోమనేది అందుకే.

మా మామయ్యగారిది మెదక్ వైపు. ఆయన నా పాడైన బూట్లు చూసి ఒక మంచి ప్రశ్న వేశారు. "కురుమలు గొంగడి కప్పుకుని వానలోనే గొర్రెలు కాస్తారు గదమ్మా, అది కూడా ఉన్నే. మరి ఇది నీళ్లకెందుకు ఆగలేదు?" దక్కనీ గొర్రెల ఉన్నితో నేసి, చింతగింజల గంజి పట్టించిన గొంగడిలో వానకు ఎదురు నిలిచేది ఉన్ని. ఈ బూటులో ఉన్ని లోపలికీ తోలు బయటికీ ఉండేలా కుడతారు. వాన తగిలేది తోలుకి. అది కూడా పాలిష్ చేసిన నున్నటి తోలు కాదు, మఖమల్‌లా నూగు తేలిన స్వేడ్. నీళ్లు ఇట్టే తాగేస్తుంది.

నీళ్ల కంటే ఉప్పు ఇంకా చేటు. ఇక్కడ మంచు పడిన రాత్రే రోడ్ల మీదా సైడ్‌వాక్‌ల మీదా ఉప్పు చల్లుతారు. తెల్లారేసరికి మంచు కరిగి బూడిదరంగు బురదవుతుంది. ఆ బురదలో నేను రెండు వారాలు బస్టాప్‌కి నడిచాను. బొటనవేలి మీద నుంచి మడమ దాకా అలలాగా ఒక తెల్లగీత వచ్చింది. గోటితో గీకితే పొడి రాలింది. దాని కింద తోలు అప్పడంలా బిరుసెక్కింది, పాదం వంచినచోట సన్నగా పగుళ్లు తేలాయి. ఎంత బ్రష్ చేసినా ఆ గీత పోలేదు.

కాబట్టి మీ ఊళ్లో చలి ఎన్ని డిగ్రీలన్నది కాదు లెక్క, కాలి కింద తడి ఎంతన్నదే లెక్క. మెల్‌బోర్న్ నగరంలో మంచు పడదు, ఆ చలికి ఇవి అతికినట్టు సరిపోతాయి. డల్లాస్‌లో చలికాలం చాలా రోజులు పొడిగానే గడుస్తుంది. బే ఏరియాలో చలి తక్కువే అయినా వానలు పడేది చలికాలంలోనే. చికాగో, బోస్టన్, న్యూజెర్సీ, టొరంటో వాళ్లయితే మీరు బయట నడిచేది ఎంతసేపో నిజాయితీగా లెక్క వేసుకోండి. గరాజ్‌లో కారెక్కి ఆఫీసు పార్కింగ్‌లో దిగే మనిషి వేరు, ట్రైన్ కోసం ప్లాట్‌ఫాం మీద నిలబడే మనిషి వేరు.

లోపల వేలు పెట్టి చూడండి

దుకాణంలో నేను మొదట చేసే పని ఇదే. బూటు పైఅంచు మడిచి, లోపలి ఉన్నిని రెండు బొటనవేళ్లతో పాయ తీసినట్టు విడదీస్తాను. అడుగున తోలు కనిపించి, పోగులు అందులోంచే మొలిచినట్టుంటే అది అసలు గొర్రెతోలు, అంటే ఒకే తోలుకి లోపల ఉన్ని, బయట స్వేడ్. అడుగున నేతో అల్లికో కనిపిస్తే అది బట్టకు ఎక్కించిన ఉన్నో సింథటిక్ నూలో. బట్టకు ఎక్కించినా ఉన్ని ఉన్నే, వెచ్చగానే ఉంటుంది. కానీ అసలు గొర్రెతోలు ధర చెప్పి అది ఇస్తుంటే తీసుకోకండి.

ఒకే బూటులో రెండూ ఉండొచ్చు. అమెరికన్ బ్రాండు అగ్ క్లాసిక్ రకాల్లో పైభాగం గొర్రెతోలే అయినా, ఈ మధ్య పాదం కింద పరిచేది ఉన్నిని బట్టకు ఎక్కించి చేసిన పరుపు. అది మోసం కాదు, లేబుల్ మీద రాసే ఉంటుంది. మనమే చదవం.

ఇక సోల్. పల్చటి ఫోమ్ సోల్ తేలిగ్గా ఉంటుంది, గట్టి నేల మీద హాయిగా ఉంటుంది. గాజులా గడ్డకట్టిన మంచు మీద మాత్రం దానికి పట్టు ఉండదు. పాదం వంపు కింద ఆసరా కూడా ఈ బూట్లలో తక్కువ. మడమ నొప్పి ఉన్నవాళ్లు వీటిని వేసుకుని మాల్‌లో మూడు గంటలు తిరిగితే రాత్రికి తెలుస్తుంది.

ఆ పేరు ఎవరిది?

ఇది కొంచెం పొడుగు కథ. కానీ డబ్బు పెట్టేముందు తెలుసుకోవాల్సిన కథ.

మనం హవాయి చెప్పులు అంటే ఏ కంపెనీవని ఎవరూ అడగరు. ఆస్ట్రేలియాలో అగ్ బూట్లు అన్న మాట అంతే. అక్కడ 1960ల, 70ల నాటికే సర్ఫింగ్ చేసే కుర్రాళ్లు చల్లటి సముద్రంలోంచి బయటికొచ్చి ఇవి తొడుక్కునేవాళ్లు. 1981లో వచ్చిన మాక్వారీ నిఘంటువు అగ్ బూట్ అనే మాటను మామూలు ఇంగ్లిష్ పదంగానే చేర్చుకుంది.

అంతకు పదేళ్ల ముందే, 1971లో, షేన్ స్టెడ్‌మన్ అనే సర్ఫర్ ఈ పేరును కొంచెం వేరే స్పెల్లింగ్‌తో ఆస్ట్రేలియాలో ట్రేడ్‌మార్కు చేయించుకున్నాడు. 1978లో బ్రయన్ స్మిత్ అనే మరో ఆస్ట్రేలియన్ కొన్ని జతలు పట్టుకుని కాలిఫోర్నియా వెళ్లి వ్యాపారం పెట్టాడు. 1995లో ఆ వ్యాపారం కాలిఫోర్నియాలోని డెకర్స్ కంపెనీ చేతికి వచ్చింది. 2000లో ఓప్రా విన్‌ఫ్రీ తన షోలో ఇష్టమైన వస్తువుల్లో వీటిని చూపించాక అమెరికా అంతా ఎగబడింది.

పేరు విలువ పెరిగాక గొడవ మొదలైంది. 1999లోనూ, ఆ తర్వాత 2003, 2004ల్లోనూ, తరాలుగా ఆ పేరుతోనే అమ్ముకుంటున్న ఆస్ట్రేలియా తయారీదారులకు ఆ మాట వాడటం ఆపమని డెకర్స్ తరఫున నోటీసులు వెళ్లాయి. పశ్చిమ ఆస్ట్రేలియాలో అగ్స్-ఎన్-రగ్స్ అనే చిన్న వ్యాపారం నడిపే దంపతులు ఎదురు తిరిగారు. పాత ట్రేడ్‌మార్కును ఎవరూ వాడటం లేదు కాబట్టి రిజిస్టరు లోంచి తీసేయమని అడిగారు. 2006 జనవరిలో అక్కడి ట్రేడ్‌మార్కుల కార్యాలయం వాళ్ల మాటే సరైనదని దాన్ని తీసేసింది. ఆస్ట్రేలియాలో ఇప్పుడు ఎవరు కుట్టినా అగ్ బూట్లు అని చెప్పుకోవచ్చు.

అమెరికాలో తీర్పు ఇందుకు పూర్తిగా తలకిందులు. సిడ్నీకి చెందిన ఆస్ట్రేలియన్ లెదర్ అనే సంస్థ మీద డెకర్స్ 2016లో ఇక్కడే, చికాగో ఫెడరల్ కోర్టులో కేసు వేసింది. మా దేశంలో ఇది అందరి మాట అని వాళ్లు వాదించారు. అమెరికాలో కొనేవాళ్లు ఆ మాటను ఎలా అర్థం చేసుకుంటారన్నదే ముఖ్యమని కోర్టు అంది. 2019లో జ్యూరీ 4,50,000 డాలర్ల నష్టపరిహారం వేసింది. 2021లో అప్పీలు పోయింది, అదే ఏడాది డిసెంబరులో సుప్రీంకోర్టు కేసు వినడానికే ఒప్పుకోలేదు.

చట్టం ప్రకారం ఆ తీర్పు ఎలా వచ్చిందో నాకు అర్థమైంది. మనసుకు మాత్రం కష్టంగానే ఉంది. మెల్‌బోర్న్‌లో నాకు బూట్లు అమ్మిన పెద్దాయన, కౌంటర్ వెనకే కుట్టుమిషన్ పెట్టుకుని, నా పాదం కొలిచి, వారం తర్వాత రమ్మన్నాడు. తన చిన్నప్పటి నుంచి నోట్లో నానిన మాటతో సరుకును సముద్రం దాటించి అమ్మే వీలు ఆయనకు లేదు.

కొనేవాళ్లకు ఇందులోంచి రెండు సంగతులు. అమెరికాలో ఆ పేరుందంటే అది ఆ కంపెనీ సరుకని మాత్రమే అర్థం, ఆస్ట్రేలియాలో కుట్టారని కాదు. ఎక్కువ భాగం తయారయ్యేది చైనా, వియత్నాంలలో. ఆస్ట్రేలియాలో ఆ పేరుందంటే ఎవరు చేశారో, ఎక్కడ చేశారో అసలు తెలియదు. అక్కడ చూడాల్సింది పచ్చ త్రికోణంలో పసుపు కంగారూ బొమ్మ ఉండే 'ఆస్ట్రేలియన్ మేడ్' ముద్ర.

ఒక్కొక్కటీ పక్కపక్కన

| రకం | పొడి చలి | తడి, ఉప్పు | బయట నడక | అమెరికాలో సుమారు ధర, డాలర్లలో |
|---|---|---|---|---|
| అగ్ క్లాసిక్ రకాలు | చాలా బాగు | పనికిరావు | కొద్ది దూరం | 150–200 |
| ఆస్ట్రేలియాలో కుట్టిన గొర్రెతోలు బూట్లు | చాలా బాగు | పనికిరావు | కొద్ది దూరం | ధరకు తోడు షిప్పింగ్, సుంకం |
| స్వేడ్ పైన, ఉన్ని లైనింగ్ లోపల ఉండే ఇతర బ్రాండ్లు | బాగు | పనికిరావు | కొద్ది దూరం | 60–110 |
| సింథటిక్ నకళ్లు | ఫర్వాలేదు | పనికిరావు | ఇంట్లోకే | 25–60 |
| వాటర్‌ప్రూఫ్ స్నో బూట్లు | బాగు | వీటి పనే అది | ఎంతైనా | 100–200 |

టేబుల్‌లో మూడో నిలువు వరుస ఒకసారి కిందిదాకా చూడండి. డబ్బు ఎక్కువ పోసినంత మాత్రాన తడికి ఆగే బూటు రాదు.

అగ్ క్లాసిక్. కుట్టు బాగుంటుంది, ప్రతి జతా ఒకేలా ఉంటుంది, సైజు తేడా వస్తే మాల్‌లో మార్చుకోవచ్చు. మీరు కట్టే ధరలో కొంత ఈ నమ్మకానికి, కొంత పేరుకి. పొడుగు బూటు కంటే చీలమండ దాకా వచ్చే మినీ, అల్ట్రా మినీ రకాలు జీన్స్ మీద తేలిగ్గా నప్పుతాయి. మందపాటి ప్లాట్‌ఫాం సోల్ రకాల మీద పిల్లలకు మోజు ఎక్కువ. మా అమ్మాయి అడిగితే నేను ఒక షరతు పెట్టాను, జారే మంచు మీద వేసుకోకూడదని. ఎత్తు వల్ల స్వేడ్ బురదకు కొంచెం దూరంగా ఉండేమాట నిజమే, కానీ ఆ ఎత్తు మీద చీలమండ తిరగబడితే నెల రోజులు మంచమే. ఇదే కంపెనీ అడిరాండాక్ పేరుతో వాటర్‌ప్రూఫ్ బూట్లు కూడా చేస్తుంది. ఆ పేరే కావాలి, తడిలో నడవాలి అంటే చూడాల్సినవి అవి.

నకిలీల గురించి ఒక మాట. సగం ధరకు వస్తోందని ఒక ఆన్‌లైన్ దుకాణంలో ఆర్డరిచ్చి నేను ఒకసారి మోసపోయాను. పెట్టె తెరవగానే ముక్కుపుటాలు మండేలా జిగురు వాసన. ఉన్ని పాయ తీస్తే అడుగున తెల్లటి అల్లిక. డబ్బు వెనక్కి రాలేదు. అసలు జతలో లోపల కుట్టిన చిన్న లేబుల్ మీద క్యూఆర్ కోడ్ ఉంటుంది, స్కాన్ చేస్తే కంపెనీ సైటుకే వెళ్లాలి.

ఆస్ట్రేలియాలో కుట్టినవి. నా ఓటు వీటికే, మీరో మీవాళ్లో అక్కడుంటే. పాదం కొలిచి కుట్టేవాళ్లు, సోల్ అరిగితే మార్చిపెట్టేవాళ్లు ఇంకా ఉన్నారు. సోల్ మార్చుకోగలిగిన బూటు ఆయుష్షు వేరు. ఊరికి వెళ్తూ సిడ్నీలోనో మెల్‌బోర్న్‌లోనో కానుకగా కొనేవాళ్లు మాత్రం టూరిస్టులు తిరిగే వీధుల్లో తొందరపడకండి. బయట ఆస్ట్రేలియా జెండా ఉన్నంత మాత్రాన లోపలి సరుకు అక్కడిది కాకపోవచ్చు.

ఇతర బ్రాండ్లు. బేర్‌పా లాంటివాటిలో పైన స్వేడ్, లోపల ఉన్ని కలిసిన లైనింగ్, పాదం కింద గొర్రెతోలు ఉండే రకాలున్నాయి. వెచ్చదనం ఒక మెట్టు తక్కువ, ధర సగం. రెండు మూడు చలికాలాలు వాడి మార్చేసే మనిషైతే ఇవి చాలు. స్టూడెంట్లకు రెండో జతగా నేను చెప్పేది వీటినే.

సింథటిక్. ఇంట్లో వేసుకోవడానికి ఫర్వాలేదు. కాలికి చెమట పడితే పీల్చుకోదు, వారం తిరిగేసరికి వాసన మొదలవుతుంది. లోపలి నూగు రెండు నెలల్లో అణిగిపోయి చాపలా అవుతుంది. అయినా జంతుచర్మం వద్దనుకునేవాళ్లకు దారి ఇదే.

ఆ మాట వచ్చింది కాబట్టి చెబుతాను. ఈ తోళ్లు ఎక్కువగా మాంసం కోసం పెంచే గొర్రెలవి. ఉన్ని కత్తిరించి గొర్రెను వదిలేసి చేసే వస్తువు కాదిది. మా అత్తయ్యకు ఈ సంగతి చెప్పకుండా ఒకసారి కానుకగా ఇచ్చాను. తెలిశాక ఆవిడ నొచ్చుకున్నారు, తప్పు నాది. శాకాహారులకు ఇచ్చేముందు అడగండి.

స్నో బూట్లు. అందం తక్కువ, బరువు ఎక్కువ, కానీ ఇవే నిలబడతాయి. సొరెల్ కారిబూ లాంటివాటిలో కింది భాగం రబ్బరు, లోపల విడిగా బయటికి తీసి ఆరబెట్టుకునే ఫెల్ట్ లైనరు ఉంటాయి. ఆ లైనరు తీసుకోగలగడం ఎంత సుఖమో మొదటిసారి బూటులోకి మంచు దూరిన రోజు తెలుస్తుంది.

మీరెవరో చెప్పండి, నేనేం కొనమంటానో చెబుతాను

ఒకే ఒక జత కొనగలిగే స్టూడెంట్, మంచు ఊరు: స్నో బూట్లు. ఇందులో రెండో ఆలోచన వద్దు. గొర్రెతోలు బూట్లు జనవరి సేల్‌లో కొనుక్కోవచ్చు.

ఇంటి నుంచి పనిచేసేవాళ్లు, కారులోనే తిరిగేవాళ్లు: గొర్రెతోలు బూట్లు హాయిగా కొనండి. నావి ఎక్కువగా పనికొచ్చేది అరోరా బాలాజీ గుడికి వెళ్లినప్పుడు. లేసులు లేవు, జిప్పు లేదు. చెప్పులు విడిచేచోట నిలబడే విప్పేస్తాను. దర్శనమయ్యాక చల్లబడిన పాదాలు మళ్లీ అందులో పెట్టినప్పుడు ఉండే సుఖం మరే బూటూ ఇవ్వలేదు.

ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్లు: ఇంట్లోకి రబ్బరు సోల్ ఉన్న గొర్రెతోలు స్లిప్పర్లు, మడమ మూసుకునే రకం. చెక్కనేల మీద వెనక తెరిచిన స్లిప్పర్లు జారతాయి. బయటికి వెల్క్రో ఉన్న స్నో బూట్లు. షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లకు వదులుగా ఉండే మెత్తటి బూట్లు తీసుకునేముందు డాక్టర్ని ఒకసారి అడగండి.

హైదరాబాద్, విశాఖలో ఉంటూ ఫ్యాషన్ కోసం చూస్తున్నవాళ్లు: అల్ట్రా మినీ దాటి వెళ్లకండి. విశాఖ గాలిలో తేమకు తోలు బూజు పడుతుంది. మనాలి, గుల్మార్గ్ ట్రిప్ కోసమైతే అసలు కొనొద్దు, అక్కడ మంచు బూట్లు అద్దెకు దొరుకుతాయి.

సైజు, సంరక్షణ

కొత్తలో బిగుతుగా ఉండాలి. నొప్పి పెట్టకూడదు గానీ, చేతికి తొడుగు వేసినట్టు పట్టి ఉండాలి. నాలుగు వారాల్లో ఉన్ని అణిగి, తోలు సాగి సరిపోతుంది. మొదటి రోజే వదులుగా ఉన్న జత నెల తిరిగేసరికి జారిపోతుంది. క్లాసిక్ రకాలు పూర్తి సైజుల్లోనే వస్తాయి. మీది ఏడున్నర లాంటి సగం సైజు అయితే కింది సైజు ముందు వేసి చూడండి.

కొన్న రోజే స్వేడ్ ప్రొటెక్టర్ స్ప్రే కొట్టి ఒక రోజు ఆరనివ్వండి. అది నాలుగు చినుకులను ఆపుతుంది, బురదను ఆపదు. మురికి పట్టితే స్వేడ్ బ్రష్‌తో ఒకే వైపుకి దువ్వండి. కడగాల్సి వస్తే చన్నీళ్లు, స్వేడ్ క్లీనరు, మెత్తటి స్పాంజి చాలు. వాషింగ్ మెషిన్‌లో వేయకండి. తడిసిన జతను హీటర్ పక్కన పెట్టడం అందరూ చేసే పొరపాటు, ఆ వేడికి తోలు ముడుచుకుని బిగుసుకుపోతుంది. లోపల కాగితాలు కుక్కి, గాలి ఆడేచోట రెండు రోజులు వదిలేయండి. ఉప్పు మరక పడిన రోజే తడిబట్టతో అద్దితే పోతుంది, వారం ఆగితే తోలుతోనే ఉండిపోతుంది.

వేసవిలో పెట్టెలో పెట్టేటప్పుడు ప్లాస్టిక్ కవరు వద్దు, నూలు సంచిలో పెట్టండి. ఉన్ని ఉన్నచోటికి చిమ్మటలు వస్తాయి. అమ్మ పట్టుచీరల మధ్య ఎండిన వేపాకు పెట్టేది. ఇక్కడ దేవదారు చెక్క బిళ్లలు దొరుకుతాయి, ఒక్కో బూటులో ఒకటి వేయండి.